మిర్చి బస్తాల మీద కాలు లేపే కుక్క, పక్కన గొర్ల మంద

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర సార్. మూడేండ్ల మగ నాటు కుక్క ఉంది, కల్లంకాడ కాపలా మంచిగనే చేస్తది. కానీ ఈ మధ్య మిర్చి బస్తాలు, టార్పాలిన్ అంచులు, ట్రాక్టర్ టైర్లు, బాయికాడి స్టార్టర్ డబ్బా, దేన్నీ ఇడిచిపెడ్తలేదు. పది అడుగులకోసారి కాలు లేపుతది, ఒక్కోసారి చుక్క కూడా పడది. దొడ్డికి కూసునే ముందు గిరగిర తిరుగుతది, అయిపోయినంక కాళ్లతోని మట్టి ఎగజిమ్ముతది. ఇది రోగమా? వట్టలు తీసే ఆపరేషన్ చేపిస్తే కాపలా మానేస్తదా? పక్కనే మా తమ్ముడి గొర్ల మంద ఉంటది.

జవాబు: అన్నా, మీరు రాసింది చూస్తే రోగం లెక్క లేదు, కల్లం చుట్టూ వేరే కుక్కలు తిరుగుతున్నట్టుంది. మగ కుక్క ఉచ్చ మొత్తం ఒక్కకాడ పోసేయదు, కొంచెం కొంచెం దాచుకుని నాలుగు చోట్ల పెడతది. ఆ వాసనలో అది మగదా ఆడదా, ఎదకొచ్చిందా, ఎప్పుడు వచ్చి పోయింది, ఇవన్నీ వెనకొచ్చే కుక్కకి తెలుస్తయి, అందుకే ఇంకో కుక్క పోసిన చోటే దాని మీద మీది మళ్లీ పోస్తది. చుక్క పడకున్నా కాలు లేపుడు కూడా అందులో భాగమే, ఎదుటి కుక్క కంటపడాలని. ట్రాక్టర్ టైర్లంటే ఎందుకంత ఇష్టమంటే, అవి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా పోయొస్తయి, దారిపొడుగునా ఎన్ని కుక్కల వాసన అంటుకుని వస్తదో మనకేం తెలుసు. పాత గోనె సంచులదీ అదే కథ. ఊళ్లో ఏదన్నా ఆడకుక్క ఎదకొచ్చిందంటే ఈ పని ఇంకా ఎక్కువైతది, కాబట్టి ఓ రెండు వారాలు చూడండి, దానంతట అదే కొంత తగ్గొచ్చు.

మట్టి ఎగజిమ్ముడు పిల్లి లెక్క కప్పిపెట్టుడు కాదు. కుక్క పాదాల్లో వాసన గ్రంథులుంటయి, గీరితే ఆ వాసన నేలకి అంటుతది, గీతలూ కనపడతయి. గిరగిర తిరుగుడు గురించి 2013లో చెక్, జర్మనీ సైంటిస్టులు 70 కుక్కల్ని గమనించి, భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్నప్పుడు అవి ఉత్తర దక్షిణాల దిక్కు ఒళ్లు పెట్టి కూర్చుంటున్నయని రాసిన్రు, దానికి మరుసటేడు నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. అట్లని మీ కుక్కని చూసి ఇంటికి వాస్తు పెట్టుకోకండి, గడ్డి తొక్కి సాపు చేసుకునేది, చుట్టూ ఎవరన్నా ఉన్నరా అని చూసుకునేది కూడా అందులో ఉంటది.

ఇప్పుడు మిర్చి సంగతి. తడిసిన కాయని మళ్లీ కుప్పలో కలపకండి, తీసి పారేయండి. మిర్చి 10–11 శాతం తేమకి ఎండితేనే నిల్వ ఉంటది, లోపల తడి కాయలు ఉంటే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వచ్చిందంటే కొనేటోడు వెనక్కి నెడతడు. బస్తాలు చెక్కల మీద ఎత్తుగా పేర్చి చుట్టూ పాత చేపల వల కట్టినా చాలు. టార్పాలిన్‌ని ఉత్త నీళ్లతో కడిగితే వాసన పోదు, సర్ఫు నీళ్లతో రుద్ది తర్వాత వెనిగర్ కలిపిన నీళ్లు చల్లి ఎండలో ఆరేయండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడకండి, ఆ వాసనకి మళ్లీ అక్కడికే వస్తది. బయటి కుక్కలు కల్లంలోకి వచ్చే బాటకాడ ఒక గుంజ పాతిపెట్టండి, చానా వరకు దాని పని అక్కడ చేసుకుంటది. కొట్టుడు మాత్రం వద్దు, కొడితే మీరు లేనప్పుడు పోస్తది, అంతే తేడా.

స్టార్టర్ డబ్బా విషయం లైట్ తీసుకోకండి. ఉచ్చలోని ఉప్పుకి ఇనుము తుప్పు పడతది, అది వేరే, కానీ డబ్బాకి కరెంటు లీకైతుంటే కుక్కా పోతది, తర్వాత చెయ్యి పెట్టిన మనిషికీ ప్రమాదమే. ఎర్తింగ్ చూపించి, డబ్బాని ఎత్తు మీద బిగించండి.

ఆపరేషన్ చేపిస్తే సుమారు సగం కుక్కల్లో ఈ అలవాటు బాగా తగ్గుతది, అందరికీ గ్యారంటీ లేదు, పాత అలవాటైతే కొంత మిగులుతది. ఊళ్లు తిరుగుడు, కొట్లాటలు తగ్గుతయి, కాపలా మాత్రం పోదు, మొరిగేది మొరుగుతనే ఉంటది. అయితే ముక్కి ముక్కి చుక్కలు పోస్తున్నా, రక్తం కనపడినా, నీళ్లు విపరీతంగా తాగుతున్నా, అంగాన్ని అదేపనిగా నాకుతున్నా అది అలవాటు కాదు. ఊరకుక్కలతో కలిసే మగ కుక్కలకి అంగం దగ్గర రక్తం కారే ఎర్రటి గడ్డలు వస్తయి, వారానికోటి చొప్పున విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లు చేస్తే చానా వరకు నయమైతది. ఒకరోజంతా ఉచ్చ రాలేదంటే తెల్లారేదాకా ఆగొద్దు, వరంగల్ కాడి మామునూరు వెటర్నరీ కాలేజీకైనా తీస్కపోండి.

మీరు ఉచ్చ గురించి అడిగిన్రు గానీ నన్నడిగితే మీకు అసలు నష్టం చేసేది గొర్లు మేసే గెట్టు మీద అది పోయే దొడ్డి. కుక్క తిరిగితే ఏం కాదు, గొర్రె తల ఒకపక్కకి వంచి గుండ్రంగా తిరిగిందంటే అది జబ్బు. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు దొడ్డిలో పడి గడ్డితో గొర్రె కడుపులోకి పోతయి, మెదడులో నీటిబుడగ లెక్క పెరుగుతయి, కొన్ని నెలలకి గాని బయటపడదు, అప్పుడు ఎవరికీ కుక్క గుర్తురాదు. కోసిన గొర్రె తలకాయని కుక్కకి పచ్చిగా వేసుడు వల్లనే అది మళ్లీ కుక్కకి ఎక్కుతది, పండగప్పుడు మనోళ్లు చేసే పనే అది. తలకాయలు ఉడకబెట్టి వేయండి లేదా పాతిపెట్టండి, చచ్చిన జీవాల్ని కూడా అంతే. కుక్కకి మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగు మందు ఉన్న మాత్ర వేయండి, 10 కిలోల బరువుకి 50 మిల్లీగ్రాముల లెక్కన. మంద కాడికొచ్చే మిగతా కుక్కలకి కూడా వేస్తేనే ఫలితం, తమ్ముడికి చెప్పండి.

కుక్కకి ఏటా రేబిస్ టీకాతో పాటు ఎలుక జ్వరం, అంటే లెప్టో కలిసిన టీకా కూడా వేపియ్యండి, ఆ క్రిములు ఎలుకల ఉచ్చలోంచి, కుక్కల ఉచ్చలోంచి బురదలో దిగేటోళ్ల కాళ్ల పుండ్ల ద్వారా మనుషులకి వస్తయి. జ్వరం, పిక్కల నొప్పి, కండ్లు పచ్చబడుడు ఉంటే డాక్టర్‌కి పొలంలో దిగిన సంగతి చెప్పండి. ఊరికి పశువుల డాక్టర్ రావాలంటే 1962కి ఫోన్ చేయండి.