సీల్ పిల్లల్ని ఒక్కరోజు లెక్కపెడితే సరిపోదా?

మీరడిగింది ఇది: ఒడ్డున ఉన్న సీల్ పిల్లల సంఖ్యను ఆడవాటి సంఖ్యతో భాగిస్తే ఎన్ని ఈనాయో తెలిసిపోతుంది కదా, దానికోసం ఒకే బీచ్‌ని దశాబ్దాల పాటు ఎందుకు గమనించాలి అని.

నేను పరిశోధకురాలిని కాదు. కాలిఫోర్నియాలోని ఆన్యో నువెవో స్టేట్ పార్కులో ఐదు చలికాలాలుగా వాలంటీర్‌ని. సందర్శకులను ఎలిఫెంట్ సీల్స్ (సముద్రంలో బతుకుతూ, ఈనడానికి ఒడ్డుకొచ్చే పెద్ద జంతువులు) దగ్గరికి తీసుకెళ్తాను. మొదటి ఏడాది నేనూ మీలాగే అనుకున్నాను.

తిరకాసంతా ఆ భాగహారంలోనే ఉంది. చలికాలంలో ఒడ్డుకొచ్చే పెద్ద ఆడవాటిలో దాదాపు అన్నీ ఈనడానికి వచ్చినవే. ఆ ఏడు చూలు నిలవనిది చాలావరకు సముద్రంలోనే ఉండిపోతుంది. అంటే లెక్కలోకి రావాల్సినవే కంటికి కనిపించవు. పైగా అన్నీ ఒకేసారి రావు. డిసెంబరులో వచ్చినవి వారం రోజుల్లో ఈని, నాలుగు వారాలు పాలిచ్చి జనవరిలోనే వెళ్ళిపోతాయి. కొన్ని అప్పటికి ఇంకా వస్తూనే ఉంటాయి. తుఫాను అలలకు పిల్ల కొట్టుకుపోతే ఆ తల్లి ఈననట్టే లెక్క. పసిఫిక్ నీళ్ళు మామూలు కంటే వేడెక్కే ఎల్ నినో వచ్చిన 1983 చలికాలంలో ఇక్కడ అలా చాలా పిల్లలు పోయాయి.

మా అమ్మమ్మకి గేదెలుండేవి. ఏది ఎన్నో ఈతలో ఉందో, ఏది ఏ ఏడు చూడి కట్టలేదో ఆమెకు నోటికి వచ్చు. ప్రతి గేదెనూ విడిగా ఎరుగు కాబట్టి. శాంటాక్రూజ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 1960ల చివరి నుంచి ఇక్కడ చేస్తున్నదీ అదే. వెనక తెడ్డుకాలి పొరకి నంబరున్న ప్లాస్టిక్ ట్యాగ్ వేస్తారు. ఇక్కడిది ఆకుపచ్చ, కాలిఫోర్నియాలోనే సీల్స్ ఈనే మరో తీరం పాయింట్ రేయెస్‌ది గులాబీ. దూరం నుంచి గుర్తుపట్టడానికి ఒంటిమీద హెయిర్ డైతో కూడా రాస్తారు, కానీ బొచ్చు రాలే కాలంలో అది పోతుంది. ట్యాగ్ ఉంటుంది.

నేను వరుసగా రెండేళ్లు ఒకే ఇసుక దిబ్బ పక్కన చూసిన తల్లి మూడో చలికాలం రాలేదు. చచ్చిపోయిందనుకుని ఎంత బాధపడ్డానో! మే నెలలో బొచ్చు రాల్చుకోవడానికి వచ్చిన గుంపులో ఆ నంబరే చదివారు. ఆ పై జనవరిలో పిల్లతో కనిపించింది.

ఒక ఆడది రాలేదంటే చచ్చిపోయి ఉండొచ్చు, వేరే బీచ్‌లో ఈని ఉండొచ్చు, మన కళ్ళు దాటిపోయి ఉండొచ్చు, నిజంగానే ఆ ఏడు ఈనకపోయి ఉండొచ్చు. వీటిని విడదీసేది తర్వాతి ఏళ్లే. 2019లోనూ 2021లోనూ కనిపించినది 2020లో బతికే ఉంది, అందులో అనుమానం లేదు. ఇలాంటివి వందల్లో పోగైతే, ఉన్నదాన్ని మనం ఎంత తరచుగా చూడలేకపోతున్నామో లెక్క తేలుతుంది. దాన్ని సరిచేశాకే ఈనే రేటు గురించి మాట్లాడగలం.

అందుకే ఏ నివేదికలోనైనా చివరి రెండు మూడేళ్ల అంకెలను నేను ఆచితూచి చదువుతాను. ఈ చలికాలం రాని తల్లి వచ్చే ఏడో, ఆ పై ఏడో రావచ్చు. అప్పుడు ఈ ఏటి లెక్క కూడా మారుతుంది.