లంక బడిలో పావురాల కథ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

గోదారి మధ్య లంక ఊరి బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలంతా ఒకే గదిలో ఉంటే పాఠం ఎలా చెప్పాలి అని ఫోన్లో అడిగావు. అంత టెన్షన్ పడకు. ఐదు తరగతులకీ ఐదు పాఠాలు ఒకేసారి నడపాలని చూస్తే ఎవరికీ ఏదీ అందదు. వారానికి ఒక్క జంతువుల కథ పట్టుకో. కథ అందరికీ కలిపి చెప్పు, పని మాత్రం ఎవరికి తగ్గట్టు వాళ్ళకివ్వు.

మొదట హితోపదేశంలో మిత్రలాభం అనే భాగంలోని పావురాల కథ తీసుకో. సంస్కృత హితోపదేశంలో అది మొదలయ్యేదే గోదావరి ఒడ్డున ఉన్న పెద్ద బూరుగుచెట్టు దగ్గర. 1853లో తెలుగులో వచ్చిన చిన్నయసూరి గారి నీతిచంద్రికలోనూ ఆ గోదావరి, ఆ బూరుగు అలాగే ఉన్నాయి. రోజూ పంటు పడవ మీద గోదారి దాటే పిల్లలకి ఇంతకంటే దగ్గరి కథ ఎక్కడ దొరుకుతుంది? సూరిగారి వచనం ముందు రోజు రాత్రి నువ్వు చదువుకో. క్లాసులో మన మాటల్లో చెప్పు. పావురాల రాజు చిత్రగ్రీవుడు, వల కొరికి వాటిని విడిపించే ఎలక హిరణ్యకుడు, ఈ పేర్లు మాత్రం మార్చకు. పిల్లలు పెద్ద పేర్లకి భయపడరు, నోటినిండా పలకడం వాళ్ళకి సరదా. మధ్యలో బంగారు కడియం చూపించే ముసలి పులి కథ వస్తుంది. ఒకటో తరగతి పిల్లలకి కథలో కథ అంటే దారి తప్పుతుంది. దాన్ని ఇంకో వారానికి దాచుకో.

ఊళ్ళో బూరుగుచెట్టు ఉంటే ముందు అక్కడికి తీసుకెళ్ళు. లేకపోతే ఎవరింట్లోంచైనా గుప్పెడు బూరుగుదూది తెప్పించి అందరి చేతుల్లోకీ పంపు. ఆ తర్వాతే కథ.

కథని ఎక్కడ ఆపాలో తెలియడమే ఇందులో అసలు పని. వేటగాడు నూకలు చల్లి వల పన్నాడు. ఆకాశంలో వెళ్తున్న పావురాలు నూకల్ని చూశాయి. మనిషి తిరగని అడవిలోకి నూకలెలా వచ్చాయని చిత్రగ్రీవుడికి అనుమానం వచ్చింది. అక్కడ ఆపెయ్. నూకలు ఎక్కణ్ణుంచి వస్తాయని అడుగు. మిల్లులోంచి అంటారు, ధాన్యం ఆడిస్తే విరిగినవి అంటారు. మరి అడవిలో మిల్లుందా? కాసేపు ఎవరూ మాట్లాడరు. నువ్వూ మాట్లాడకు. కొత్త టీచర్లు చాలామంది ఇక్కడే ఉండబట్టలేక జవాబు చెప్పేస్తారు. ఎవరో కావాలని చల్లారన్న మాట పిల్లల నోటే రావాలి. అది వచ్చిన రోజున వాళ్ళకి ఆలోచించడం ఏమిటో తెలుస్తుంది.

పావురాలు వలతో సహా ఎగిరే చోట పాత చీర ఒకటి నేలమీద పరిచి చుట్టూ పిల్లల్ని నిలబెట్టు. ముందు ఎవరి వైపు వాళ్ళని లాగమను. తర్వాత ఒకళ్ళు మూడు లెక్కపెడితే అందరూ ఒక్కసారి పైకెత్తాలి. చీర గాల్లోకి లేచినప్పుడు వాళ్ళ అరుపులు విను. ఇక ఐకమత్యం మీద ఉపన్యాసం ఇవ్వకు, నీతి ఏమిటో చెప్పమని అడగకు. అడిగితే బట్టీపట్టిన వాక్యమే వస్తుంది.

ఎలక దగ్గరికొచ్చేసరికి మాత్రం గొడవ తప్పదు. మన డెల్టా పిల్లలకి ఎలక అంటే చేను పాడుచేసేది. చేలల్లో బుట్టలు పెట్టి ఎలకల్ని పట్టేవాళ్ళని వాళ్ళు చూసే ఉంటారు. గోదాట్లో వల వేసే ఇళ్ళ పిల్లలైతే, ఎలక వల కొరికితే ఇంట్లో ఎంత నష్టమో చెబుతారు. చెప్పనీ. ఎలక మంచిదా చెడ్డదా అని వాదించుకోనీ. ఎందుకు కొరుకుతుందని అడిగితే, దాని ముందుపళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరుకుతూ అరగదీసుకోవాలి అని చెప్పు. సైన్సు పాఠం అక్కడే అయిపోతుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. వేటగాణ్ణి రాక్షసుణ్ణి చేయకు. వల మీద బతికే ఇంటి బిడ్డ నీ ముందే కూర్చుని ఉంటుంది, వాళ్ళ నాన్న చెడ్డవాడని ఆ బిడ్డకి అనిపించకూడదు. వేటగాడు ఇంటికి వట్టి చేతులతో వెళ్ళినప్పుడు వాళ్ళావిడ ఏమని ఉంటుందో చెప్పమని ఆ పిల్లనే అడుగు.

పనులు ఎలాగంటే: ఒకటో తరగతి బొమ్మ వేసి ‘వల’, ‘ఎలక’ రాస్తుంది. రెండు, మూడు తరగతులకి లెక్కలు, పన్నెండు పావురాలకి కాళ్ళెన్ని, ఎలక కూడా వస్తే ఎన్ని అని. నాలుగు, ఐదు తరగతులకి కథలో ఇంకో చోటు ఉంది. హిరణ్యకుడు రాజు కట్లు ముందు కొరకబోతే, నావాళ్ళవి ముందు కొరుకు అంటాడు చిత్రగ్రీవుడు. నువ్వైతే ఏమంటావు, ఎందుకు? అరపేజీ రాయమను. తప్పులు ఆ రోజు దిద్దకు, రాసింది ముందు చదువు. అక్షరదోషాల సంగతి మర్నాడు చూసుకోవచ్చు.

శనివారం ఇళ్ళకి పంపేటప్పుడు, అమ్మమ్మనో తాతయ్యనో అడిగి ఒక జంతువు కథ విని రమ్మను. సోమవారం వాళ్ళు చెప్పినవి చెప్పినట్టే పెద్ద అక్షరాలతో చార్టుల మీద రాసి గోడకి తగిలించు. చదవడం ఇంకా రాని పిల్లలకి అవే వాచకాలు, వాళ్ళ మాటలే కాబట్టి తొందరగా చదువుతారు. చార్టులకి డబ్బులు లేకపోతే పాత క్యాలెండర్ల వెనకవైపు రాయి. మా ఇంట్లో బోలెడున్నాయి, దసరాకి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ