‘గుంట’ను మారిస్తే గుంటూరు పోయింది: రెజెక్స్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: సార్, మాది విజయవాడ గవర్నర్‌పేటలో మందుల పంపిణీ సంస్థ. మా వెబ్‌సైట్‌లో దుకాణాల చిరునామాలన్నిటిలో ఇంకా ‘కృష్ణా జిల్లా’ అనే ఉంది. పేజీ తెరుచుకోగానే జావాస్క్రిప్ట్ రీప్లేస్‌తో ‘ఎన్టీఆర్ జిల్లా’గా మార్చబోతే మొదటిది ఒక్కటే మారింది. ‘జి’ ఫ్లాగ్ పెట్టాక అన్నీ మారాయి. మచిలీపట్నం, గుడివాడ దుకాణాలు కూడా ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చేశాయి! పైగా ‘ఆర్డరు’ బటన్ నొక్కితే ఇప్పుడు ఏమీ జరగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, ‘జి’ ఫ్లాగ్ లేకపోతే రీప్లేస్ మొదటి చోట మార్చి ఆగిపోతుంది. ఆ సంగతి మీకు తెలిసిపోయింది కాబట్టి అసలు చిక్కుకు వద్దాం.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా అలాగే ఉంది. కాబట్టి ఫలానా ఊరి పక్కన ఉన్న ‘కృష్ణా జిల్లా’ మాత్రమే మారాలి. రెజెక్స్ అంటే రాతలో మనం చెప్పిన నమూనాను (ప్యాటర్న్‌ను) వెతికిపెట్టే సూత్రం. ఆ ఊరి పేరు ప్యాటర్న్‌లో చెప్పకపోతే రెజెక్స్‌కు తెలిసే దారే లేదు.

ఇక్కడ చాలామందికి మొదట తట్టేది ఇది:

విజయవాడ.*కృష్ణా జిల్లా

ఇది ప్రమాదం. చుక్క, నక్షత్రం కలిస్తే ‘ఏ అక్షరమైనా, ఎన్నిసార్లైనా’ అని అర్థం, అందుకే ఆ వరుసలో చిట్టచివరి ‘కృష్ణా జిల్లా’ దాకా పోతుంది. ఒకే వరుసలో నాలుగు చిరునామాలుంటే నాలుగింటినీ ఒకే ముక్కగా పట్టుకుంటుంది. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెడితే సరిపోతుందని చాలా పాఠాల్లో చెబుతారు. సరిపోదు. అది ముగింపును దగ్గరికి లాగుతుందే తప్ప మొదలును కదపదు. ‘విజయవాడ నుంచి సరుకు వెళ్లే మచిలీపట్నం, కృష్ణా జిల్లా’ అనే వాక్యంలో అది విజయవాడ దగ్గరే మొదలై మచిలీపట్నం మీదుగా నడిచి జిల్లా పేరు మార్చేస్తుంది. మధ్యలో ఏయే అక్షరాలు రావచ్చో మీరే గిరి గీయాలి:

(విజయవాడ|నందిగామ|జగ్గయ్యపేట|మైలవరం|తిరువూరు)([ ,0-9-]*)కృష్ణా ?జిల్లా

దీని బదులు పెట్టాల్సింది:

$1$2ఎన్టీఆర్ జిల్లా

ఊరికీ జిల్లాకూ మధ్య ఖాళీ, కామా, అంకెలు, అడ్డగీత తప్ప మరేమీ రాకూడదని రెండో బ్రాకెట్ చెబుతోంది. అందువల్ల ‘విజయవాడ-10, కృష్ణా జిల్లా’ దొరుకుతుంది, ‘విజయవాడ 520010, కృష్ణాజిల్లా’ కూడా దొరుకుతుంది. ‘ఉమ్మడి కృష్ణా జిల్లా’ జోలికి మాత్రం పోదు. $1 అంటే మొదటి బ్రాకెట్‌లో దొరికిన ఊరు, $2 అంటే ఆ మధ్యలోని పిన్‌కోడూ కామాలూ. అవి ఉన్నవి ఉన్నట్టే తిరిగి వస్తాయి. ఆ విభజనలోనే నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలో కలిశాయి, వాటి సంగతి విడిగా చూసుకోండి.

నడిపే ముందు మాత్రం ఒక పని తప్పకుండా చేయండి. మ్యాచ్‌ఆల్‌తో దొరికిన ప్రతి ముక్కనూ, దాని చుట్టుపక్కల నాలుగు మాటలతో సహా తెర మీద వరుసగా రాయించి, కూర్చుని చదవండి. వందల చిరునామాలైనా సరే చదవండి. మందుల పెట్టె వేరే ఊరికి పోతే నష్టపోయేది దాని కోసం ఎదురుచూసే మనిషి. మీ సంస్థ చరిత్ర చెప్పే పేజీ, పాత లైసెన్సుల వివరాల పేజీ ఉంటే వాటిని పూర్తిగా మినహాయించండి. అప్పట్లో విజయవాడ కృష్ణా జిల్లాలోనే ఉంది, ఆ పేజీల్లో అది తప్పు కాదు.

ఇక బటన్ సంగతి. మీరు బాడీ మొత్తం ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌ను స్ట్రింగ్‌గా తీసుకుని, మార్చి, తిరిగి పెట్టి ఉంటారు. అంటే ట్యాగులతో సహా పేజీ అంతా కొత్తగా రాసినట్టే. అప్పుడు బ్రౌజర్ పాత బటన్‌ను పారేసి అలాంటిదే కొత్తది తయారుచేస్తుంది. పాత బటన్‌కు మీరు తగిలించిన క్లిక్ ఫంక్షన్ కొత్తదానికి రాదు. ఫారంలో కొనుగోలుదారు అప్పటికే నింపిన వివరాలూ పోతాయి. పేజీలోనే మార్చక తప్పదనుకుంటే ట్రీవాకర్‌తో టెక్స్ట్ నోడ్‌లను మాత్రమే (అంటే ట్యాగుల మధ్యనున్న రాతను) ఒక్కొక్కటిగా మార్చండి, ట్యాగులు కదలవు. నన్నడిగితే, బ్యాకప్ తీసుకుని డేటాబేస్‌లోనే ఒక్కసారి సరిచేయడం మంచిది. శాశ్వతంగా మారిన జిల్లా పేరును పేజీ తెరిచిన ప్రతిసారీ మార్చడమెందుకు?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ దుకాణం. ధరల పట్టికలో ‘రూ.’ తీసి ₹ గుర్తు పెట్టమని రెజెక్స్ రాశాను. ‘రూపాయలు’ కాస్తా ‘₹ాయలు’ అయింది.

జవాబు: రెజెక్స్‌లో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే అని అర్థం. ‘రూ’ తర్వాత వచ్చిన ‘ప’ కూడా ఆ చుక్కకు సరిపోయింది. చుక్కను చుక్కగానే చూడమని దాని ముందు వెనుకగీత పెట్టండి: రూ\. ఇంత చిన్న పనికి రెజెక్స్ కూడా అక్కర్లేదు. 2021 ప్రమాణంలో వచ్చిన రీప్లేస్‌ఆల్‌కు ‘రూ.’ను మామూలు స్ట్రింగ్‌గా ఇస్తే చాలు. అన్నట్టు, అంకెలన్నిటికీ ₹ తగిలించే ప్యాటర్న్ మాత్రం రాయకండి అయ్యా. మీ పట్టికలో 334, 341 అనేవి మిర్చి రకాలు, ధరలు కావు.

ప్రశ్న: గుంటూరులో ఒక స్థానిక వార్తల వెబ్‌సైట్‌లో ఉపసంపాదకురాలిని. రోడ్ల వార్తల్లో కొందరు ‘గుంట’ అని, కొందరు ‘గుంత’ అని రాస్తున్నారు. అంతటా ‘గుంత’ ఉండాలని మార్పించాం. ఊరి పేరు ‘గుంతూరు’ అయిపోయింది. పద సరిహద్దు గుర్తు (\b) పెట్టి చూస్తే ఒక్కటీ మారలేదు.

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చూసి సంతోషించాను. తెలుగులో సైట్లు నడిపే ప్రతివారూ తెలుసుకోవాల్సిన విషయం ఇందులో ఉంది.

మన కంటికి ‘ట’ వేరు, ‘టూ’ వేరు. కంప్యూటర్‌కు ‘టూ’ అంటే ‘ట’, దాని వెనుక దీర్ఘపు గుర్తు, రెండు విడి సంకేతాలు. ‘గుంట’లో ఉన్నవి నాలుగు: గ, కొమ్ము, సున్న, ట. ‘గుంటూరు’లో ఉన్న ఏడింటిలో మొదటి నాలుగూ సరిగ్గా అవే. ‘ట’లోని అకారానికి యూనికోడ్‌లో విడిగా గుర్తు లేదు కాబట్టి, పదం అక్కడ ముగిసిందో లేక గుణింతం మొదలైందో రెజెక్స్ గమనించదు.

పద సరిహద్దు గుర్తు ఎందుకు విఫలమైందంటే, జావాస్క్రిప్ట్‌లో ఆ గుర్తుకు ఇంగ్లిష్ అక్షరాలు, 0 నుంచి 9 అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే పదంలో భాగాలు. తెలుగు అక్షరమూ ఖాళీ దానికి ఒకటే, రెండింటి మధ్య సరిహద్దు కనబడదు. తెలుగు సైట్లు ఇన్నేళ్లుగా ఉన్నా ఈ లోటును మనమే పూడ్చుకోవాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది.

ఒకవేళ ఆ గుర్తు పనిచేసినా మీ పని జరగదు. ‘గుంటలో’, ‘గుంటలు’, ‘గుంటకు’ అన్నీ మారాలి కదా. విభక్తులు పదానికి అతుక్కునే భాష మనది. అందుకే దారి తిప్పండి. ముట్టుకోకూడని వాటిని ముందు, మార్చాల్సినదాన్ని చివర రాయండి:

గుంటూ|గుంటు|గుంటనక్క|గుంటగలగర|గుంట

నిలువుగీత అంటే ‘లేదా’. రెజెక్స్ ఎడమ నుంచి ఒక్కొక్కటీ ప్రయత్నిస్తుంది. బదులుగా స్ట్రింగ్ కాకుండా ఒక ఫంక్షన్ ఇవ్వండి. దొరికింది అచ్చంగా ‘గుంట’ అయితే ‘గుంత’ అని, ఇంకేదైనా అయితే దాన్నే తిరిగి ఇవ్వాలి. గుంటూరు, గుంటూరివారు, గుంటుపల్లి, గుంటగలగరాకు భద్రంగా ఉంటాయి. రోడ్డు మీది గుంటలన్నీ గుంతలవుతాయి. మీ పాత వార్తలు వెతికితే ఇంకో రెండు మూడు మాటలు దొరకవచ్చు, వాటినీ ముందు వరుసలో చేర్చండి.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రి వెబ్‌సైట్ చూస్తాను. ‘4/7’ లాంటి తేదీలను ‘జులై 4’గా మార్చే ప్యాటర్న్ రాశాను. బ్రాడీపేట చిరునామాలు కూడా 4/14 అనే ఉంటాయి కాబట్టి వెనుక బ్రాడీపేట ఉంటే వదిలేయమన్నాను. అయినా ఒక డాక్టరు గారి ఇల్లు ‘జనవరి 44, బ్రాడీపేట’ అని కనిపిస్తోంది.

జవాబు: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊరంతటికీ తెలుసు, ప్యాటర్న్‌కు తెలియదు. మీరు రాసి పంపినది ఇది:

([0-9]+)\/([0-9]+)(?!, ?బ్రాడీపేట)

ఇందులో (?! …) అంటే దీని వెనుక అది రాకూడదని. రెజెక్స్ మొదట 4/14 పట్టుకుంది. వెనుక బ్రాడీపేట ఉంది కాబట్టి కుదరలేదు. అంతటితో వదల్లేదు, ఒక అంకె వెనక్కి తగ్గి 4/1 అని చూసింది. దాని వెనుక ఉన్నది ‘4’, బ్రాడీపేట కాదు. నిషేధం వర్తించలేదు, 4/1 జనవరి 4 అయింది, మిగిలిన 4 పక్కన అతుక్కుంది. వెనుక ఇంకో అంకె ఉండకూడదని కూడా చెప్పండి:

([0-9]+)\/([0-9]+)(?![0-9]|,? ?బ్రాడీపేట)

అరండల్‌పేటను చేర్చేటప్పుడు జాగ్రత్త. ‘ల్’కూ ‘పే’కూ మధ్య, అవి కలిసి ఒత్తు పడకుండా, కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు ‘అరండల్పేట’ అని, ఇంకొందరు ‘అరండల్ పేట’ అని రాస్తారు. మూడు రూపాలనూ ప్యాటర్న్‌లో పెట్టండి.

ప్రశ్న: విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఒక్క రెజెక్స్ వల్ల సైట్ మొత్తం ఆగిపోతుందని మా సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే అమ్మా. 2016 జులై 20న ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం, వరుస మొదట్లో, చివర్లో ఉండే ఖాళీలను తొలగించే ఒక చిన్న ప్యాటర్న్. ఒకరి పోస్టులో వరుస మధ్యలో దాదాపు 20,000 ఖాళీలు వరుసగా వచ్చాయి. మొదటి ఖాళీ నుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, అక్కడ వరుస ముగియలేదని చూసి, రెండో ఖాళీ నుంచి మళ్లీ మొదలు. అలా ప్రతి ఖాళీ నుంచీ. మొత్తం దాదాపు 20 కోట్ల పరిశీలనలు. ఆ పోస్టు ముఖపేజీలో కనిపిస్తూ ఉండడంతో సర్వర్లన్నీ అదే పనిలో పడ్డాయి.

చివరి ఖాళీలు తీయడానికి జావాస్క్రిప్ట్‌లో ట్రిమ్‌ఎండ్ ఉంది, అదే వాడండి. ప్లస్ గాని నక్షత్రం గాని ఉన్న ప్యాటర్న్ రాసిన రోజే, సరిపోయే మాటతో పాటు సరిపోని పెద్ద ముక్కనూ దానికి ఇచ్చి చూడండి. యాభై వేల ఖాళీలు, చివర ఒక్క ‘అ’. జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి కొలిచి, ఖాళీల సంఖ్య రెట్టింపు చేసి మళ్లీ కొలవండి. సమయం నాలుగింతలైతే ఆ ప్యాటర్న్‌ను సర్వర్‌లోకి పంపకండి.