సైకిలుకు రెండు అప్పులా? ముందు ఆ యాప్ తీసేయండి

ప్రశ్న: మాది కర్నూలు. వయసు 25. ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, జీతం 23,000. అమ్మా నేనూ ఉంటాం. ఇంటి ఖర్చు 17,000 పోను 6,000 మిగులుతుంది. బ్యాంకులో 11,000 ఉన్నాయి. ఆదివారాలు స్నేహితులతో జగన్నాథ గట్టు వైపు సైకిల్ మీద వెళ్లాలని కోరిక. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, గేర్ల సైకిల్ ఎప్పుడూ తొక్కలేదు. 29 అంగుళాల చక్రాలు, ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్‌ను షాపులో ఆఫర్ కింద 48,000కు ఇస్తామన్నారు. 30,000 క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ (16 శాతం), 18,000 లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నా. యాప్ వాళ్లు ఫీజు 1,200 పట్టుకుని నెలకు 3,420 చొప్పున 6 కిస్తీలు కట్టమంటున్నారు. కొనొచ్చా?

జవాబు: వద్దమ్మా. సైకిల్ కొనొద్దని కాదు, ఈ సైకిల్ ఇలా కొనొద్దు. మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. వస్తువు ఫోనో, బండో, సైకిలో ఏదైనా కావచ్చు. ధర ఎంత అని కాకుండా నెలకు ఎంత పడుతుంది అని లెక్క వేసుకోవడమే అందరూ చేసే పొరపాటు.

ముందు ఆ యాప్ సంగతి. మీ చేతికొచ్చేది 16,800. ఆరు నెలల్లో కట్టేది 20,520. నెల నెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క తీస్తే నూటికి నెలకు ఆరు రూపాయల వడ్డీ! బజారులో వడ్డీ వ్యాపారి ఆరు రూపాయలంటే ముఖం మీదే తలుపేసి వస్తారు. ఫోన్‌లో రంగుల బొమ్మలతో అడిగితే మాత్రం వేలిముద్ర వేసేస్తారా? కార్డు ఈఎంఐ దాదాపు 2,720. దాని వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేరే. రెండూ కలిపితే మొదటి ఆరు నెలలు నెలకు 6,140 కట్టాలి. మీకు మిగిలేది 6,000. ఆ నెలల్లో అమ్మకు జ్వరమొచ్చినా, ల్యాబ్ వాళ్లు జీతం పది రోజులు ఆలస్యం చేసినా ఒక కిస్తీ తప్పుతుంది. పెనాల్టీ పడుతుంది, అప్పులు సరిగ్గా తీర్చారా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. దాన్ని పూడ్చడానికి ఇంకో యాప్.

మీ అసలు లోటు సైకిల్ కాదు, అత్యవసర నిధి. 11,000 అంటే మీ ఇంటికి ఇరవై రోజుల ఖర్చు కూడా కాదు. ఇద్దరు బతికే ఇంట్లో ఒక్కరిదే జీతమైతే మూడు నెలల ఖర్చు, అంటే 51,000, చేతికందేలా ఉండి తీరాలి. జీతం పడే ఖాతాలో వద్దు, వేరే ఖాతాలో పెట్టండి. ఏటీఎం కార్డు బీరువాలో ఉండనివ్వండి. నెలకు 4,000 అందులో, 2,000 సైకిల్ పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పది నెలలకు నిధి 51,000 అవుతుంది, సైకిల్‌కు 20,000 సమకూరుతుంది. బంగారు గొలుసు కుదువ పెట్టడం, చీటీ పాడటం లాంటివి ఆలోచించకండి, అవీ అప్పులే.

ఇక ఆ 48,000 బండి మీకు సరిపడదు. 4 అడుగుల 11 అంగుళాల వాళ్లకు ఎక్స్‌ఎస్ లేదా ఎస్ సైజు ఫ్రేమ్, అంటే సుమారు 13 నుంచి 15 అంగుళాలది కావాలి. చక్రాలు 26 లేదా 27.5 అంగుళాలు చాలు. ఆఫర్‌లో పెట్టింది ఏ సైజో ముందు అడగండి. అమ్ముడుపోక మిగిలిన పెద్ద సైజులే చాలాసార్లు తగ్గింపులోకి వస్తాయి. 'సీటు దించితే సరిపోతుందిలే' అంటే నమ్మకండి. సీటు దించితే కాలు నేలకు అందుతుంది గానీ హ్యాండిల్ దగ్గరకు రాదు. చేతులు చాచి వంగి తొక్కితే భుజాలు లాగుతాయి, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మోకాళ్లు అతిగా ముడుచుకుని నొప్పెడతాయి. నాలుగు ఆదివారాల తర్వాత సైకిల్ మెట్ల కింద, కిస్తీలు మీ నెత్తిన.

షాపులో రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. బ్రేకు లివర్ వేళ్లకు అందకపోతే దాని దగ్గరుండే చిన్న మర తిప్పి దగ్గరకు తెమ్మనండి. చాలా వాటికి ఆ ఏర్పాటు ఉంటుంది. గట్టు దాకా గులకరాళ్ల దారికి ముందు సస్పెన్షన్ చాలు. చవక బండ్లలో వెనక సస్పెన్షన్ బరువు పెంచుతుంది, ఎక్కుడులో మీ బలం కొంత స్ప్రింగే తినేస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, బిల్లులో చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో చిన్న సైజు దొరికితే ఇంకా మంచిది.

20,000లోనే హెల్మెట్, గాలి పంపు, పంక్చర్ సామాను, ఒక అదనపు ట్యూబు రావాలి. మన దారుల్లో పల్లేరు కాయలు టైరును వదిలిపెట్టవు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో లేకపోతే బ్యాంకులో చేరండి, ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద మరణానికి 2 లక్షల బీమా. అయితే ఆసుపత్రి బిల్లు అది కట్టదు. ల్యాబ్ వాళ్లు గ్రూపు ఆరోగ్య బీమా ఇచ్చారేమో ఈ వారమే అడగండి. ఇవ్వకపోతే నిధి పూర్తయ్యాక అమ్మకూ మీకూ కలిపి పాలసీ తీసుకోవడం సైకిల్ కన్నా ముందు వరుసలోకి వస్తుంది.