బ్యాంకు టీడీఎస్ కోసుకుంది కదా, ఇంకా రిటర్న్ ఎందుకు?

మీరు అడిగింది ఇది: "నేను కువైట్‌లో ఉంటాను. ఊళ్లో ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐలు ఇండియాలో వచ్చే డబ్బు పెట్టుకునే అకౌంట్) ఎఫ్‌డీ మీద బ్యాంకు టీడీఎస్ (వడ్డీ ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోసేస్తోంది. అయినా ఇండియాలో ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలా?"

వేయాలి. కొందరికి చట్టం ప్రకారం తప్పదు. మిగతావాళ్లకు తప్పనిసరి కాకపోయినా, వేయకపోతే నష్టం వాళ్లకే. పదేళ్లుగా గల్ఫ్‌లో అకౌంట్స్ పని చేస్తున్నాను, ఈ ప్రశ్న నాకు శుక్రవారం శుక్రవారం ఎదురవుతూనే ఉంటుంది. అడిగే ప్రతివాడూ జవాబు ముందే నిర్ణయించుకుని వస్తాడు: "పన్ను కట్ అయిపోయింది కదన్నా, ఇక మనకేం సంబంధం?"

టీడీఎస్ అంటే పన్ను కట్టేసినట్టు కాదు. లెక్క తేలకముందే పట్టి ఉంచుకున్న డబ్బు అది. ఆర్టీసీ కండక్టర్ టికెట్ వెనక చిల్లర రాసిస్తాడు చూడండి, అలాంటిదన్నమాట. దిగే ముందు అడిగినవాడికే చేతికొస్తుంది.

మా రూమ్‌లో ఉండే అన్న సంగతి చెబుతాను. రాజంపేట దగ్గర పల్లెటూరు ఆయనది, ఇక్కడ ఒక కంపెనీలో డ్రైవర్. ఊళ్లో తన భాగానికి వచ్చిన పొలం అమ్మి 12 లక్షలు ఎన్‌ఆర్‌ఓ ఎఫ్‌డీలో వేశాడు. ఏడు శాతం వడ్డీ, మూడు నెలలకోసారి పడుతుంది. 2023-24లో ప్రతిసారీ ఒకే మెసేజ్: వడ్డీ 21,000, టీడీఎస్ 6,552. అంటే 30 శాతం పన్ను, దాని మీద నాలుగు శాతం సెస్, వెరసి 31.2 శాతం. ఏడాదికి 26,208 రూపాయలు పోయాయి. అది మన పన్ను, గవర్నమెంటుకు చేరిపోయింది, అంతే అనుకున్నాడు ఆయన.

అసలు ఆయనకు పడాల్సిన పన్ను ఎంత? సున్నా. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మకం మీద పన్ను లేదు. కువైట్‌లో జీతం మీద ఆదాయపు పన్నే లేదు, ఎన్‌ఆర్‌ఐ కాబట్టి ఆ జీతం ఇండియా లెక్కలోకి రాదు. ఇండియాలో ఆదాయమంటే ఈ 84,000 వడ్డీ ఒక్కటే. పాత పద్ధతిలో 2.5 లక్షల దాకా, కొత్త పద్ధతిలో ఆ ఏడాది 3 లక్షల దాకా పన్ను లేదు. ఎలా చూసినా మొత్తం వెనక్కి రావాల్సిందే.

"ఆదాయం అంత తక్కువైతే రిటర్న్ అక్కర్లేదు కదా" అంటారు చాలామంది. 2022లో ఒక రూల్ వచ్చింది. ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (కొన్ని లావాదేవీల్లో డబ్బు తీసుకునేవాళ్లే మన దగ్గర వసూలు చేసే పన్ను) కలిపి 25,000 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే, ఆదాయం పరిమితి లోపలే ఉన్నా రిటర్న్ వేయాల్సిందే. అన్నకు 26,208. కాబట్టి పన్ను పడకపోయినా రిటర్న్ తప్పనివాళ్లలో ఆయన ఒకడు.

జులై 31 ఆఖరు తేదీ. దానికి ముందు వచ్చిన శుక్రవారం జలీబ్‌లోని మా గదిలో కూర్చున్నాం. మన పేరు మీద కట్ అయిన పన్నంతా చూపే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో నాలుగు ఎంట్రీలూ ఉన్నాయి, లెక్క సరిపోయింది. ఫారం నింపడం పెద్ద పనేం కాదు, ఎన్‌ఆర్‌ఐలకు ఐటీఆర్-1 చెల్లదు కాబట్టి ఐటీఆర్-2 తీసుకున్నాం. అసలు ప్రహసనం ఈ-వెరిఫికేషన్ (వేసిన రిటర్న్ మనదేనని ఓటీపీతో ఖాయం చేయడం) దగ్గర. ఆధార్‌కు ఉన్న నంబర్ ఊళ్లో వదిన ఫోన్‌లో ఉంది. ఆ ఇంట్లో సిగ్నల్ మిద్దెపైన తప్ప దొరకదు. అన్న ఫోన్ చేసి "ఓటీపీ వచ్చింది, చదువు" అన్నాడు. ఆమె నాలుగు అంకెలు చదివి ఆగింది. "ఆరు ఉండాల వదినా" అన్నాను. "నాలుగే ఉండాయి నాయనా" అంటుంది. కాసేపటికి తెలిసింది, అది పొద్దున గ్యాస్ బండ డెలివరీకి వచ్చిన నంబర్. అసలుది వెతికి చదివేసరికి టైమ్ అయిపోయింది. మళ్లీ పంపించాం. ఈసారి అన్న "మిద్దె దిగొద్దు, అక్కడే ఉండు" అని అరుస్తూనే ఉన్నాడు, పక్క గదివాళ్లు ఏం జరిగిందోనని తొంగి చూశారు.

రిఫండ్ ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌లో పడింది, కొంచెం వడ్డీతో సహా. అన్న ఆ మెసేజ్‌ను మెస్‌లో అందరికీ చూపించాడు. ఇక అప్పటినుంచి నాకు శుక్రవారాలు లేవు.

దీంట్లో బ్యాంకుల పాత్ర గురించి కూడా చెప్పాలి. ఇండియాలో ఉండేవాళ్లకు బ్యాంకు వడ్డీ ఏడాదికి ఇంత దాటితేనే టీడీఎస్ అని ఒక పరిమితి ఉంది, 2025 ఏప్రిల్ నుంచి అది 50,000. దాటినా కోసేది పది శాతమే. ఎన్‌ఆర్‌ఓకు మాత్రం పరిమితీ లేదు, మొదటి రూపాయి నుంచే 31.2. బయట ఎండలో పనిచేసేవాడి మీద ఇంత కోత ఎందుకో నాకైతే అర్థం కాదు. అది చాలదన్నట్టు, మా ఊరివైపు ఒక బ్యాంకు బ్రాంచిలో "15జీ ఫారం మీద సంతకం పెట్టు, కటింగే ఉండదు" అని చెప్పి పంపారు మావాడొకడిని. 15జీ అంటే నా ఆదాయం మీద పన్ను పడదని రాసిచ్చే కాగితం, అది ఇండియాలో నివసించేవాళ్లకు మాత్రమే. ఎన్‌ఆర్‌ఐ ఇస్తే అది తప్పుడు డిక్లరేషన్. చెప్పిన క్లర్క్‌కు ఏమీ కాదు, సంతకం పెట్టినవాడే ఇరుక్కుంటాడు. అదే, ఇక్కడి జీతం పంపించి ఎన్‌ఆర్‌ఈ (విదేశంలో సంపాదించింది పెట్టుకునే అకౌంట్)లో వేసుకుంటే ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం ఆ వడ్డీ మీద పన్నే లేదు. ఈ ముక్క ఏ కౌంటర్‌లోనూ ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పగా నేను వినలేదు.

"టీడీఎస్ కట్ అయితే ఎన్‌ఆర్‌ఐ రిటర్న్ వేయక్కర్లేదని చట్టంలోనే ఉంది" అని యూట్యూబ్ చూసి వాదించేవాళ్లు ఉన్నారు. ఉంది, కాదనను. కానీ అది విదేశీ డబ్బుతో పెట్టిన కొన్ని రకాల పెట్టుబడులకు, వాటి మీద వచ్చేది తప్ప ఇండియాలో వేరే ఆదాయం లేనివాళ్లకు. పొలం అమ్మిన డబ్బు, ఇంటి అద్దె ఎన్‌ఆర్‌ఓలో పెట్టుకున్నవాళ్లకు అది వర్తించదు. వీడియోలో ఆ రెండో సగం ఉండదు.

రిటర్న్ వేస్తూ ఉంటే ఇంకో లాభం ఉందని 2023లో తేలింది. ఆధార్ లింక్ కాలేదని ఆ జులైలో చాలామంది ఎన్‌ఆర్‌ఐల పాన్‌లు ఇనాపరేటివ్ (పనిచేయనివి) అయ్యాయి. అంతకుముందు మూడు అసెస్‌మెంట్ సంవత్సరాల్లో ఎప్పుడైనా ఎన్‌ఆర్‌ఐగా రిటర్న్ వేసినవాళ్ల స్టేటస్ డిపార్ట్‌మెంటే సరిచేసుకుంది. ఎప్పుడూ వేయనివాళ్లు పాస్‌పోర్ట్ కాపీలు పట్టుకుని తమ అసెసింగ్ ఆఫీసర్‌కు, అంటే తమ పన్ను ఫైల్ చూసే అధికారికి, రాసుకోవాల్సి వచ్చింది. మా రూమ్‌లోనే ఇంకొకాయన నెలల తరబడి ఆ పనిమీదే ఉన్నాడు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. "ఇండియాలో కట్ అయింది కదా, ఇక్కడ క్రెడిట్ తీసుకుంటా" అంటాడు డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు. అంటే అంత మేర అమెరికా పన్నులో తగ్గించుకుంటాడట. ఇండియాలో రిఫండ్ అడిగితే వెనక్కి వచ్చే డబ్బుకు అక్కడ క్రెడిట్ ఇవ్వరు. ఇండియాలో అడగక, అమెరికాలో రాక, రెంటికీ చెడతాడు.

మీ విషయానికొస్తే, ముందు 26ఏఎస్ తీసి టీడీఎస్ మొత్తం చూసుకోండి. ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌ను ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ప్రీ-వాలిడేట్ చేయించండి, అంటే అకౌంట్ మీదేనని ముందే సరిచూపించండి, లేకపోతే రిఫండ్ ఆగుతుంది. జులై దాటితే లేట్ ఫీజుతో డిసెంబర్ 31 దాకా వేయొచ్చు. ఆ తర్వాత అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటుంది కానీ దాంట్లో రిఫండ్ అడగడానికి లేదు. ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి ఉంటే అది కూడా రాయండి, ఎందుకంటే ఎన్‌ఆర్‌ఐ ఓనర్‌కు అద్దె ఇచ్చేవాడు కూడా 31.2 శాతం పట్టుకుని కట్టాలి. మీ అద్దెకున్నాయన ఆ సంగతి విని ఉంటాడని నేను అనుకోను.