వేడిగాలిలో రేణువులు: లెక్క ఎందుకు అదుపు తప్పుతోంది?

ప్రశ్న: వేడిగాలిలో ఎగిరే రేణువులను కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తున్నాను. 100 మైక్రాన్ల రేణువులకు బాగానే వస్తోంది, 10కి మార్చగానే వేగాలు పిచ్చిగా ఊగి ప్రోగ్రామ్ ఆగిపోతోంది. టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య సమయం) 1 మిల్లీసెకను. తప్పెక్కడ?

జవాబు: ఆ టైమ్ స్టెప్‌లోనే. రేణువు గాలి వేగాన్ని అందుకునే సమయం దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. నీటి సాంద్రత ఉన్న 100 మైక్రాన్ల రేణువుకి మామూలు గాలిలో సుమారు 30 మిల్లీసెకన్లు పడితే, 10 మైక్రాన్లదానికి 0.3 చాలు. మీరు 1 మిల్లీసెకను అడుగు వేస్తే అది గాలి వేగాన్ని దాటి దూకేస్తుంది, మరుసటి అడుగులో అంతకంటే ఎక్కువగా వెనక్కి వస్తుంది, మీరు చూస్తున్న ఊగిసలాట అదే. స్టెప్‌ను 0.05 మిల్లీసెకన్లకి తగ్గించండి, లేదా ఇంప్లిసిట్ పద్ధతికి (గాలి లాగే బలాన్ని అడుగు చివరి వేగంతో లెక్కించే పద్ధతి) మారండి, నేనైతే రెండోదే చేస్తాను.

ఉష్ణోగ్రతకీ ఇదే జబ్బు వస్తుంది. ఇంకొకటి, రేణువు గాలితో సమానంగా కదులుతుంటే వేడి అందదని చాలామంది సున్నా పెట్టేస్తారు, అది తప్పు, గోళాకార రేణువుకి అప్పుడు కూడా నసెల్ట్ సంఖ్య (గాలి నుంచి వేడి ఎంత బాగా అందుతుందో చెప్పే సంఖ్య) 2 ఉంటుంది.

రేణువులు దట్టంగా ఉంటే మాత్రం, అవి తీసుకున్న వేడిని గాలికున్న వేడిలోంచి తప్పకుండా తగ్గించండి.