ఆరోగ్య ఉపకేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) చేసేది ఏఎన్ఎం పనేనా?

కాదు. ఏఎన్ఎం ప్రధానంగా టీకాలు, గర్భిణుల నమోదు చూస్తారు. ఆయుష్మాన్ భారత్ (2018) కింద వచ్చిన ఎంఎల్‌హెచ్‌పీలు ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్‌తో పాటు సామాజిక ఆరోగ్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. ఒక్కో కేంద్రం పరిధి మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మంది, గిరిజన ప్రాంతంలో 3,000.

ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు చేయాలి, నోటి, రొమ్ము క్యాన్సర్ లక్షణాలు గమనించాలి. వైద్యుడి సలహా కావాలంటే ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో మాట్లాడించాలి. కానీ నన్నడిగితే అసలు పని వేరే ఉంది: ‘ఒంట్లో బాగానే ఉందిగా’ అంటూ బీపీ మాత్రలు మానేసే పెద్దాయన చేత మళ్లీ మింగించడం. ఆ ఓర్పు ఏ కోర్సూ నేర్పదు. పైగా ప్రతి పరీక్షనూ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఊళ్లో సిగ్నల్ సరిగా లేకపోతే సాయంత్రమంతా దానికే సరి.